సగం విరిచిన మెడ

ఈ మధ్య మా మనవరాలి ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎవరో తెల్ల కోటు వేసుకున్న కుర్రవాడు, కుర్చీలో కూర్చున్న మనిషి గడ్డం పట్టుకుని మెడను టక్కున తిప్పాడు. ఆ చప్పుడు బాగా వినపడాలని మెడ దగ్గర మైకు కూడా పెట్టాడు. చూసినవాళ్లంతా కింద చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఫోన్ ఇచ్చేసి బయట అరుగు మీద కూర్చున్నాను. మనవరాలు వెనకే వచ్చి, "ఏమైంది తాతా, నీ పనే కదా ఆయన చేస్తాండేది" అంది. నా పని అది కాదని చెప్పబోయి ఊరుకున్నాను. అదెందుకు కాదో చెప్పాలంటే ధర్మవరం సావుకారు సంగతంతా చెప్పాలి. ఆ పిల్లకు పరీక్షలు. అందుకని మీకు చెబుతున్నాను. మీరంటే, ఇప్పుడిప్పుడే మర్దన పనిలోకి వస్తున్న కొత్తవాళ్లు.

నేను ఈ పని హిందూపురంలో నేర్చుకున్నాను. తర్వాత కొంతకాలం పెనుకొండలో చేశాను, చివరికి ధర్మవరంలో రిటైరయ్యాను. మూడు ఊళ్లూ ఒకే రైలు దారిలో ఉన్నా మెడలు మాత్రం వేరు వేరు. పెనుకొండలో ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ పిల్లలు వచ్చేవాళ్లు. కారు కింద నిలబడి పైకి చూస్తూ పనిచేసి చేసి, వాళ్లకు తల వెనక్కి వంచితే చాలు ప్రాణం పోయేది. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లది కిందికి వంగిన మెడ. అదే ఊళ్లో చీరల వ్యాపారులది పక్కకు వాలిన మెడ. రెండు చేతులతో చీర మడతలు విప్పి చూపిస్తూ, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని గంటలకొద్దీ బేరాలాడతారు. మనిషి తలుపు తోసుకుని లోపలికి వస్తుంటేనే వాళ్ల పనేమిటో నాకు తెలిసిపోయేది. ఆ మాట అనుకుని కొంచెం మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆ మురిపెం ఎక్కువ కాకుండా చూసింది మా అక్క. తోబుట్టువు కాదు, హిందూపురంలో నాకు పని నేర్పిన సీనియరు. అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. సన్నగా, పొట్టిగా ఉండేది. కోపం మాత్రం పెద్దది. నేను చేరిన కొత్తలో ఒకాయన బల్ల మీద పడుకోగానే నూనె చేతికి రాసుకుని ముందుకు వెళ్లాను. అక్క తువ్వాలుతో నా చేతి మీద ఒకటి వేసింది. "ఏమప్పా, ఆయన మెడ ఏమన్నా నీ చేనా, వచ్చీ రాంగానే దున్నేదానికి? ముందు అడుగు" అంది. అడగడమంటే ఏమడగాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నొప్పి ఎప్పటినుంచి, యాడ మొదలై యాడికి పోతాంది, ఇంతకుముందు వచ్చిన నొప్పేనా ఇది కొత్తదా, తల తిరుగుతాందా, కండ్లు మసకబారతాండాయా, చేతులు మొద్దుబారినాయా, మెడకు దెబ్బగానీ కుదుపుగానీ తగిలిందా. కొన్ని నెలలపాటు నాకు ఇదే పని. మిగతావాళ్లు మర్దన చేస్తుంటే నేను బల్ల పక్కన నిలబడి ప్రశ్నలడిగేవాణ్ణి. ఆమె మీద నాకు చాలా కోపంగా ఉండేది.

చెయ్యి వేయనిచ్చాక ఆమె నేర్పిన మొదటి సంగతి కూడా ఏమీ చేయకుండా ఉండడమే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల దగ్గర కూర్చుని, రెండు అరచేతులూ తల కింద పెట్టాలి. నొక్కకూడదు, లాగకూడదు. పడుకున్నవాళ్లు తమ తలను తామే మోసుకుంటుంటారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. కాసేపటికి ఆ బరువు మన చేతుల్లోకి దిగుతుంది. "ఆ బరువు నీ చేతికి రానంతవరకు నీకేం పనిలేదు, ఊరికే ఉండు" అనేది అక్క. బరువు దిగాక తల వెనక గుంటల్లో వేళ్లు ఆనించి, అక్కడినుంచి భుజాల దాకా నెమ్మదిగా రావాలి. మెడ ముందువైపు జోలికి పోకూడదు. ఎవరి మెడా మనం తిప్పకూడదు, ఎవరి మెడ వాళ్లు తిప్పుకుంటే మనం తోడుండాలి. ఇంతే మా విద్య. దీనికే జనం మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు.

ధర్మవరంలో నేను పనిచేసిన చోటు ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. నడిపేది ఒక మేడం. వయసులో నాకు కూతురంత ఉంటుంది, నన్ను అన్నా అనేది. చదువూ పరీక్షలూ వ్యాయామాలూ ఆమెవి, మర్దన నాది. క్లినిక్ మేడ మీద. ఆ కట్టడం ఒక పట్టుచీరల సావుకారుది. కింద ఆయన అంగడి. వీధికి అవతల ఒక సెలూను.

ఆ సెలూను గురించి రెండు మాటలు చెప్పాలి. మా వైపు గడ్డం గీసి, నీళ్లు చల్లి, పటిక రాసి, చివర్లో మెడ విరుస్తారు. ఎవరూ అడగరు, అది గడ్డంతోపాటు వచ్చేదే. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి ఎడమకు ఒకసారి టక్, కుడికి ఒకసారి టక్. రెండో చప్పుడు వినపడితేగానీ కుర్చీలోంచి లేవరు. ఆ సెలూను నడిపేది నా ఈడు మనిషే. చేతి నేర్పు గొప్పది. మెడ విరవొద్దప్పా అని నేనెప్పుడన్నా అంటే, "నువ్వు నూనె రాసుకో, నేను సబ్బు రాసుకుంటా. ఎవరి పని వాళ్లది" అని నవ్వేవాడు. సాయంత్రాలు ఇద్దరం ఒకే బంకులో టీ తాగేవాళ్లం.

అది ఆదివారం. మేడం బంధువుల పెళ్లికి తనకల్లు వెళ్లింది. నేనొక్కణ్ణే ఉన్నాను. సావుకారు మెట్లెక్కి వచ్చాడు. గోడ పట్టుకుని రావడం చూసి, మోకాళ్ల నొప్పేమో అనుకున్నాను.

ఆయన కూర్చుంటూనే, "నాకి కుడి పక్క విరువప్పా, బిన్నా పోవాల. మద్రాసు పార్టీ వస్తాండాది" అన్నాడు.

"ఏమైంది సావుకారూ?"

"నిన్న గడ్డం చేయించుకున్న్యా. ఆయప్ప ఎడమ పక్క విరిచినాడు. అంతలోపల ఫోను మోగింది. బేరం పోతాదని లేచి వచ్చేసినా. కుడి పక్క అట్లనే ఉండిపోయింది. అప్పటినుంచి తల తిరుగుతాండాది, నడిస్తే ఒక పక్కకి లాగుతాండాది. సగం విరిచి సగం వదిలిపెడితే లాగదా మల్ల? బండికి ఒక పక్క చక్రానికి గాలి పెట్టి రెండో పక్క మర్చిపోతే ఏమైతాది?"

నేను నవ్వబోయాను. కానీ అక్క తువ్వాలు దెబ్బ తిన్న అలవాటు ఊరికే పోదు, అడగడం మొదలుపెట్టాను. మెడ నొప్పి ఎట్లాంటిదన్నాను. ఎడమ పక్క, చెవి వెనక, ఇంతవరకు ఎన్నడూ రాని నొప్పి అన్నాడు. వాంతి అయిందా అంటే, పొద్దున అయింది, పైత్యం అన్నాడు. మొహం ఏమన్నా మొద్దుబారినట్లు ఉందా అన్నాను. ఆయన చెంప తడుముకుని, "నువ్వు అడిగితే గుర్తుకొస్తాంది. ఈ చెంప నాది కానట్లుండాది" అన్నాడు. అప్పుడు ఆయన మొహం సరిగ్గా చూశాను. ఎడమ కంటి రెప్ప కిందికి జారి ఉంది. కుడి కన్ను మామూలుగా ఉంది.

మేడంకు ఫోన్ చేశాను. పెళ్లి మేళం హోరులో ఆమె రెండు మాటలు విని మూడో మాటకే గొంతు మార్చింది. "అన్నా, మెడ మీద చెయ్యి వేయొద్దు. తిప్పనీయొద్దు. మెడలో మెదడుకు పోయే రక్తనాళం చీలినట్లుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపో. నేను వాళ్లకు ఫోన్ చేస్తా" అంది.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. ఆమె చెప్పింది ఉన్నదున్నట్లు ఆయనకు అప్పజెప్పాను. రక్తనాళం, మెదడు, ప్రాణం అంటూ పాఠం మొదలుపెట్టాను. సావుకారు మొహం ఎర్రబడింది. "గడ్డం చేయించుకుంటే మెదడు చీలేదేంది? నా మేడలో ఉండుకోని నాకి పాఠం చెప్తాండావా? నీకి విరిచేదానికి చేతకాకుంటే చెప్పు. విరిచే మనిషే ఉండాడు ఆడ" అని లేచాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు. గట్టిగా పట్టుకుందామంటే, ఆ పెనుగులాటలో మెడ తిరిగితే ఏం గతి. ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే వెనకాల బతిమాలుతూ దిగాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

నేను వీధి దాటేలోపల ఒక లోడు బండి అడ్డం వచ్చింది. అది తప్పుకునేసరికి సావుకారు సెలూను కుర్చీలో ఉన్నాడు. ఆదివారం కాబట్టి బెంచీ నిండా మనుషులు. సెలూనాయన నవ్వుతూ, "కుడి పక్క బాకీ ఉండాది కదా సావుకారూ" అంటూ గడ్డం కింద చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తీయప్పా" అని అరిచాను.

అందరూ నావైపు తిరిగారు. సెలూనాయన చెయ్యి ఆగింది గానీ తీయలేదు. "ఏమిటికి?" అన్నాడు.

"నిన్న నువ్వు విరిచినప్పటినుంచి ఆయనకు బాగలేదు. ఇంకోసారి తిప్పితే మనిషి దక్కడు."

అంతమంది ముందు ఆ మాట అనకూడదు. ఆయన మొహం మాడిపోయింది. "మా నాయన కత్తి పట్టినప్పటినుంచి విరుస్తాండాం. ఈ వీధిలో మేము విరవని మెడ లేదు. ఎవరికన్నా ఏమన్నా అయిందా? నీ గిరాకీ కోసం నా నోట్లో మన్ను కొడతాండావా?" అన్నాడు. బెంచీ మీద ఒకరిద్దరు ఆయన పక్షాన గొణిగారు. సావుకారు కండ్లు మూసుకుని, "నువ్వు విరువప్పా, ఈయప్పది ఎప్పుడూ ఉండేదే" అన్నాడు.

రక్తనాళం మాట ఒకసారి పనిచేయలేదు, మళ్లీ పనిచేస్తుందా? "అద్దంలో ఆయన కన్ను చూడు. అంతే. చూసినాక నీ ఇష్టం" అన్నాను.

సెలూనాయన తలెత్తి అద్దంలోకి చూశాడు. ఆ మొహాన్ని ఆయన ఎన్నో ఏళ్లుగా గీస్తున్నాడు. దాని మడతలన్నీ ఆయనకు తెలుసు. "సావుకారూ, రోంత కండ్లు తెరువు" అన్నాడు. ఒక కన్ను తెరుచుకుంది. రెండోది సగమే తెరుచుకుంది. గడ్డం కింది చెయ్యి మెల్లగా, చాలా మెల్లగా బయటికి వచ్చింది.

"ఏమప్పా, విరుస్తావా లేదా?" అన్నాడు సావుకారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది నా తెలివి కాదు. ఆ మాట నాకు ఎప్పటికీ తట్టేది కాదు. సెలూనాయన మామూలు గొంతుతో అన్నాడు. "విరుస్తా సావుకారూ. విరవకుండా వదులుతానా? అయితే నిన్న సగంలో లేచిపోయినావు కదా, లోపల అట్లనే బిగుసుకోనుండాది. ఇది చూడకుండా విరిచేది కాదు. ఆసుపత్రిలో ఫొటో తీయించి, యాడ పట్టుకోనుండాదో చూసి విరవాల. నేనూ వస్తా నీ వెంట. అంతవరకు నువ్వు మెడ కదిలిచ్చొద్దు. కదిలిస్తే రెండో పక్క పడదు."

సావుకారు కుర్చీలోంచి మెల్లగా లేచాడు. "ముందే ఈ మాట చెప్పొచ్చు కదా. ఈయప్ప ఏందో మెదడంటాడు" అన్నాడు.

బెంచీ నిండా గిరాకీ పెట్టుకుని సెలూనాయన షట్టరు దించాడు. సావుకారు కోసం సగం గడ్డంతోనే కుర్చీ వదిలిన ఒకాయన సబ్బు నురగతోనే బయట నిలబడిపోయాడు. ఆటోలో సావుకారును మధ్యలో కూర్చోబెట్టి, చెరో పక్క కూర్చున్నాం. నేను రెండు చేతులూ ఆయన తలకు అటూ ఇటూ ఆనించాను. నొక్కలేదు, లాగలేదు. ఆటో అబ్బాయికి మెల్లగా పొమ్మని చెప్పాం. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా సెలూనాయన, "రోంత ఆగు, రోంత ఆగు" అంటూనే ఉన్నాడు. నేను చేసిన మర్దనలన్నింటిలో కష్టమైంది ఆ ఆటోలో చేసిందే. అందులో నేను చేసిందేమీ లేదు, చేతులు కదలకుండా ఉంచాను.

మేడం ముందే చెప్పి ఉంచడంతో ఆసుపత్రిలో ఆలస్యం కాలేదు. చూసీ చూడగానే మెడకు పట్టీ వేసి అనంతపురం పంపించారు. ఎడమ పక్క మెడలో రక్తనాళం లోపలి పొర చీలింది, అక్కడ రక్తం గడ్డ కడుతోంది అని అక్కడి డాక్టరు చెప్పాడు. రెండోసారి తిప్పి ఉంటే అని మొదలుపెట్టి, సావుకారు భార్య మొహం చూసి ఆపేశాడు. ఆమె అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అలాగే కింద కూర్చుండిపోయింది. ఆ పక్కనే నిలబడిన సెలూనాయన ఆమెకు కనపడకుండా వరండా చివరికి వెళ్లిపోయాడు.

సావుకారు బతికాడు. మందులతోనే నయమవుతుందన్నారు, అయింది. ఇంటికి రావడానికి కొన్ని వారాలు పట్టింది. నడకలో కొంచెం తూలుడు మిగిలింది. కానీ ఆ వారాల్లో నేను ఎక్కువ భయపడింది సెలూనాయన గురించి. షట్టరు తీయలేదు. ఇంటికి వెళితే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "ఇదే చేత్తో చంపేసినా కదప్పా" అన్నాడు. "చంపలేదు, ఆయన ఇడ్లీ తింటాండాడు ఆడ" అన్నాను. వినలేదు. ఎవరికైనా ఇలా జరగొచ్చు, అందుకే మేము తిప్పం అని చెప్పాను. అదీ వినలేదు. ఈసారి పాఠం పొడిగించకుండా హిందూపురం అక్కకు ఫోన్ కలిపాను. ఆమె అప్పటికే పని మానేసి ఇంట్లో ఉంటోంది. సంగతంతా విని, "మంగళవారం సెలూన్లకి రజా కదా. పట్టుకోని రా ఈడికి" అని ఫోన్ పెట్టేసింది.

మంగళవారం రైలెక్కాం. అక్క ఇంట్లో కాఫీ ఇచ్చి, నన్ను చాప మీద పడుకోమంది. ఆయన్ను నా తల దగ్గర కూర్చోమంది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయాడు. "నా చేతులు పనికిరావమ్మా" అన్నాడు.

"నీ చేతులు కత్తి పట్టుకోని ఎన్ని గొంతుల మీద తిరిగినాయి? ఒక్క గాటు పెట్టినావా? అవి బంగారట్లా చేతులు. తప్పు చేతులది కాదు, అడగకపోయేదే తప్పు. మీ అంగడిలో కూర్చున్నోళ్లని ఏమడుగుతారు మీరు?" అంది అక్క.

"మీసం ఎంత ఉంచాలని అడుగుతాం" అన్నాడు ఆయన.

అక్క పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ వారాలన్నింటిలో మొదటిసారి. ఆ తర్వాత వరసగా చాలా మంగళవారాలు ఇద్దరం హిందూపురం వెళ్లాం. నాకు నెలల తరబడి ప్రశ్నలే నేర్పిన మనిషి, ఆయనకు మాత్రం మొదటి రోజే నా తల చేతిలో పెట్టింది. దీనికి నాకు కొంచెం అసూయ కలిగిందని ఒప్పుకుంటాను. సెలూను మళ్లీ తెరిచాడు. మెడ విరవడం మానేశాడు. కొందరు గిరాకీలు అలిగి వేరే చోటికి పోయారు. మిగిలినవాళ్లకు కుర్చీలోనే భుజాలు మర్దన చేయడం మొదలుపెట్టాడు. చేసే ముందు అన్నీ అడిగేవాడు. అడుగుతుంటే వాళ్లు విసుక్కునేవాళ్లు, అయినా అడిగేవాడు.

సావుకారు మాత్రం ఆ గడప తొక్కలేదు. కొడుకుతో ఇంట్లోనే గడ్డం గీయించుకుంటున్నాడని తెలిసింది. సెలూనాయన ఆ సంగతి ఎత్తేవాడు కాదు. రోడ్డుకు అవతల సావుకారు అంగడి మెట్లమీద కనపడితే లోపలికి తప్పుకునేవాడు.

ఏడాది తిరిగాక ఒక పొద్దున నేను సెలూన్లో పేపరు చదువుతున్నాను. సావుకారు మెల్లగా వీధి దాటి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సెలూనాయన బట్ట కప్పి, సబ్బు రాసి, గడ్డం గీశాడు. నీళ్లు చల్లి, పటిక రాసి, బట్ట తీయబోయాడు.

"ఏమప్పా, అందరికీ చేస్తాండావంట. నాకి చేయవా?" అన్నాడు సావుకారు.

సెలూనాయన చేతిలో బట్ట అంచు అలాగే పట్టుకున్నాడు. నావైపు చూశాడు. నేను సావుకారు వైపు చూశాను. "మెడ జోలికి పోవద్దన్నాడు డాక్టరు. భుజాల వరకు చేయించుకోవచ్చన్నాడు. అడిగే వచ్చినా" అన్నాడు ఆయన.

సెలూనాయన కుర్చీ వెనక్కి వచ్చాడు. "తల తిరుగుతాందా సావుకారూ?"

"లేదు."

"కండ్లు బాగా కనపడతాండాయా?"

"కనపడతాండాయి."

"చెంప?"

"నాదే" అన్నాడు సావుకారు. "ఆ పొద్దు నువ్వు నా వెంట ఆసుపత్రికి వస్తానంటేనే నేను లేచినా. లేకుంటే లేచేవాణ్ణి కాదు. చెయ్యి పెట్టు."

సెలూనాయన రెండు అరచేతులూ ఆయన భుజాల మీద పెట్టాడు. పెట్టి ఊరికే ఉన్నాడు. ఏమీ చేయలేదు. కాసేపటికి సావుకారు భుజాలు కిందికి జారాయి. ఇంకాసేపటికి గురక వినిపించింది. తన వంతు కోసం కూర్చున్న ఒకాయన ఏదో అనబోతే పక్కనున్నతను మోచేత్తో పొడిచాడు.

ఇన్నేళ్లలో నేను ఎంతోమంది మెడలు పట్టాను. నాకు అన్నం పెట్టిన ఆ మెడలన్నింటికీ దండం. అడగడం నేర్పిన అక్కకూ, పెళ్లి మేళంలో కూడా నా మాట చెవిన వేసుకున్న మేడంకూ దండం. కానీ అద్దంలో చూసి చెయ్యి తీసిన ఆ మనిషికి నేను ఎక్కువ రుణపడ్డాను. ఆ చెయ్యి ఆగకపోతే, మెట్ల మీద సావుకారును వదిలేసినందుకు నేను తర్వాత ఎవరి మెడ మీదా చెయ్యి వేయగలిగేవాణ్ణి కాదు.

ఆ పొద్దున అద్దంలో సెలూనాయన మొహం చూశాను. కండ్లనుంచి నీళ్లు కారి మీసంలోకి దిగుతున్నాయి. చేతులు తీస్తే సావుకారు లేస్తాడని తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు. నేను లేచి, ఆయన భుజం మీది తువ్వాలు తీసి, ఆయన మొహం తుడిచాను.